మార్పిడమ్మ

నిద్రపోయిందట! కోడలు ఆ మాట పైకి చదివిన మధ్యాహ్నం నుంచి గేటక్కకు ముద్ద దిగలేదు. అరవై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి, వంటగదికీ వీధి తలుపుకీ మధ్య పదిహేనుసార్లు తిరిగింది. తిరిగినప్పుడల్లా అదే మాట. "నేను నిద్రపోయానట. నేను!"

ఆ మాట ఉన్నది ఒక పుస్తకంలో. పదహారేళ్లుగా మూతపడి పావురాల పాలైన సినిమా హాలును ఓనరు మనవడు బాగు చేయించి మళ్లీ తెరుస్తున్నాడు. తెరిచే రోజున పంచడానికి హాలు చరిత్ర అచ్చు వేయించి, పాత పనివాళ్లకు ముందుగానే ఇంటింటికీ పంపాడు. వాళ్ల తాత ధాన్యం గోడౌనుకు రేకులు కప్పి హాలు చేయడం, మొదట్లో నేల, బెంచీ అని రెండే తరగతులు ఉండడం, వాన పడితే రేకుల మోతకు తెర మీద పెదవులు కదలడమే తప్ప మాట వినపడకపోవడం, అన్నీ రాశాడు. తాతగారి ఫొటోలు ఏడు. మెషీను ఫొటోలు మూడు. పనివాళ్ల ఫొటో ఒక్కటీ లేదు. చివర్లో "తీపి గుర్తులు" అని ఒక భాగం.

అందులో దర్జీగారి కోడలు చెప్పిన తీపి గుర్తు ఇది. ఆడవాళ్ల గేటు దగ్గర పిల్లల్ని చూసుకునే ఆవిడ ఒకరోజు నిద్రమత్తులో ఒకరి బిడ్డను ఇంకొకరికి ఇచ్చేసిందట. ఇంటికెళ్లి గుడ్డ విప్పితే ఆడపిల్ల బదులు మగపిల్లాడు కనిపించాడట. కింద ఒక బొమ్మ కూడా వేశారు. నోరు తెరుచుకుని గురక పెడుతున్న లావుపాటి ఆడమనిషి, చెరో పక్కన ఒక్కో మూట.

గేటక్క కోడలు సగం దాకా నవ్వుతూనే చదివింది. అత్త మొహం చూసి ఆపేసింది.

"నేనెప్పుడు లావుగా ఉన్నానే?"

"ఇప్పుడున్నారు కదా అత్తయ్యా, దాన్ని చూసి వేసుంటారు" అని కోడలు నోరు జారింది.

ఇంతకీ అసలు సంగతి చెప్పాలి. ఎవరో ఒకరు చెప్పాలిగా, ఆ పుస్తకం ఎలాగూ చెప్పలేదు.

గేటక్క ఇరవై ఒకటో ఏట ఆ హాలు ఆడవాళ్ల గేటులో పనికి చేరింది, ఆ పేరూ అప్పుడు వచ్చిందే. టికెట్టు చింపి లోపలికి పంపడం వరకే ఆమె ఉద్యోగం. పిల్లల్ని చూడమని ఎవరూ చెప్పలేదు. కానీ హాల్లో నెలల బిడ్డ ఏడ్చిందంటే బెంచీల మీది మగమహారాజులందరికీ ఒక్కసారిగా చెవులు పుట్టుకొచ్చేవి. "ఎవరది? బయటికి తీసుకెళ్లండి!" వాళ్లు ఈలలు వేయొచ్చు, సిగరెట్టు పొగ ముందువాళ్ల నెత్తిన వదలొచ్చు, తెర మీద మనిషితో కలిసి పాడొచ్చు. బిడ్డ మాత్రం ఏడవకూడదు. తల్లి తలొంచుకుని లేచొచ్చి, వసారాలో నిలబడి, మిగతా బొమ్మ గోడకు చెవి పెట్టి వినేది. గేటక్కకు అది చూసి ఒళ్లు మండింది. "ఇలా తే, నువ్వెళ్లి చూసుకో" అంది ఒకావిడతో. మర్నాటికి ఊరంతా పాకింది.

వసారాలో గోడ వారగా పొడుగాటి బల్ల. దాని మీద పిల్లల్ని తల్లులు కూర్చున్న వరుస ప్రకారం పడుకోబెట్టేది. ముందు వరుస వాళ్ల బిడ్డ గుమ్మం వైపు, వెనక వరుస వాళ్ల బిడ్డ అటు చివర. ఏడుపు వింటే ఎవరి బిడ్డో చెప్పేది. ఎత్తుకుంటే బరువును బట్టి పాలు తాగిందో లేదో చెప్పేది. తొమ్మిదేళ్లలో ఒక్క బిడ్డ బల్ల మీంచి పడలేదు, ఒక్క బిడ్డ చేతులు మారలేదు. అలాంటి మనిషి నిద్రపోయిందట.

ఆ రోజు మాట్నీ. బయట ముసురు పట్టి మధ్యాహ్నమే మసక చీకటి. వసారాలో బల్బు లేదు. "పగటి ఆటకు లైటెందుకు?" అని ఓనరు వారం కిందటే దాన్ని పీకించి తన గదిలో పెట్టించుకున్నాడు. బల్ల మీద తెల్ల తువ్వాళ్లలో ఇద్దరు పిల్లలు. ఒకటి దర్జీగారి కోడలి ఐదు నెలల పాప. ఇంకొకటి బేకరీ ఆవిడ కొడుకు. మూడో బిడ్డ కక్కుకుంటే గేటక్క భుజాన వేసుకుని వసారా అటు చివర జోకొడుతోంది.

దర్జీగారి కోడలికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. అత్తకు చెప్పకుండా సినిమాకొచ్చింది. అత్త ఇల్లు చేరేలోపు తను చేరాలని బొమ్మ పూర్తికాకుండానే పరుగెత్తుకొచ్చి, బల్ల మీంచి చేతికందిన మూటను ఎత్తుకుని వానలో పడింది.

"అమ్మాయ్! అది నీ బిడ్డ కాదే! ఆగు!"

రేకుల మీద వాన. ఆ పిల్లకు వినపడలేదు. ఒక బిడ్డ భుజం మీద, ఒక బిడ్డ బల్ల మీద, గేటక్క ఎలా పరుగెత్తుతుంది?

బొమ్మ అయిపోయి అందరూ బయటికొచ్చారు. బేకరీ ఆవిడ బల్ల మీద మిగిలిన పాపను చూసి గుండెలు బాదుకుంది. ఓనరు వచ్చాడు. అంతలోనే దర్జీగారి భార్య మగబిడ్డను చంకనేసుకుని, కోడలిని రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చింది.

"చెప్పవే! వాళ్లిచ్చారా, నువ్వే ఎత్తుకొచ్చావా? కన్నబిడ్డను పోల్చుకోలేని దానివా నువ్వు?"

ఆ పిల్ల గేటక్క వైపు చూసింది. ఆ అత్త చెయ్యి ఎంత దురుసో వీధికంతా తెలుసు. పోయిన నెలే ఆ పిల్ల మోచేతి మీద ఇస్త్రీపెట్టె మొన దిగిన మచ్చ గేటక్క కళ్లారా చూసింది.

"నేనే ఇచ్చానమ్మా" అంది గేటక్క. "కునుకు పట్టింది. తప్పు నాదే."

ఓనరుకు అంతకన్నా ఏం కావాలి? బల్బు సంగతి ఎవరూ అడగకముందే తీర్పు చెప్పేశాడు. "రేపట్నుంచి గేటు దగ్గర కనపడకు. దొడ్లు కడుగు, ఉంటే ఉండు, పోతే పో." కట్టుకున్నవాడు మంచాన ఉన్నాడు, కొడుకు రెండో తరగతి. ఎక్కడికి పోతుంది?

మర్నాడు ఆ పిల్ల మరుగుదొడ్ల దగ్గరికొచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది. "మా అత్త ఉన్నన్నాళ్లూ నా వల్ల కాదక్కా. తర్వాత నేనే అందరికీ చెప్తా. నా బిడ్డ మీద ఒట్టు."

ఆ ఒట్టు గట్టు మీదే ఉండిపోయింది, పద్దెనిమిదేళ్లు గేటక్క మరుగుదొడ్లు కడిగింది. పని సిగ్గని ఆమె అనుకోలేదు. అద్దంలా కడిగింది. కోపం ఇంకొకందుకు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరూ ఆమె చేతికి బిడ్డనివ్వలేదు. గేటక్క పేరు పోయి మార్పిడమ్మ అయింది. కొడుకుని బళ్లో "మీ అమ్మ నిన్నెక్కడ మార్చి తెచ్చిందిరా?" అని ఏడిపించారు. పొరుగూళ్లో ఉండే సొంత చెల్లెలు కాన్పయ్యాక బిడ్డను చేతిలో పెడుతూ "జాగ్రత్తక్కా, ఇది మాదే" అని నవ్వింది. గేటక్క ఆ బిడ్డను తిరిగి మంచం మీద పెట్టేసి ఇంటికొచ్చేసింది.

పుస్తకం అందిన మూడో రోజు ఆమె దర్జీ దుకాణం మెట్లెక్కింది. ఇప్పుడు ఆ దుకాణం కోడలిదే. ఆరు మిషన్లు, గోడ నిండా కాగితం కత్తిరింపులు. యాభై మూడేళ్ల కోడలు పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఎవరికో కొలతలు తీస్తోంది.

"ఎవరు నిద్రపోయారు?" అంది గేటక్క.

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. కొలతల మనిషిని పంపేసింది. "కూర్చో అక్కా."

"కూర్చోడానికి రాలేదు. ఎవరు నిద్రపోయారు?"

"ఆ ఓనరు మనవడు వచ్చి ఏదైనా సరదా సంగతి చెప్పమన్నాడు. నోటికొచ్చేసింది. ఇన్నేళ్లు అలాగే చెప్పీ చెప్పీ, నిజంగానే నువ్వు నిద్రపోయినట్టు నాకే అనిపిస్తోందక్కా."

"మీ అత్త పోయి ఎన్నాళ్లయింది?"

"ఇరవయ్యేళ్లు."

"మరి ఈ ఇరవయ్యేళ్లూ ఎవరికి భయపడ్డావు?"

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను చూశాం. ఈవిడ తగలేసి, ఆ మంట దగ్గర చలి కాచుకుంటూ కబుర్లు చెప్పింది. గేటక్క ఆ మాటే మొహం మీద అనేసింది. అప్పుడు ఆమె కళ్లు తుడుచుకుని, "హాలు తెరిచే రోజు మైకులో నేనే చెప్తా. నువ్వు ముందు వరుసలో కూర్చో" అంది.

అన్నట్టే చెప్పింది. అందుకు మెచ్చుకోవాలి. హాలు కిటకిటలాడుతుండగా మైకు పట్టుకుని, తడబడకుండా చెప్పింది. "ఆవిడ నిద్రపోలేదు. చీకట్లో నేనే తప్పు బిడ్డను ఎత్తుకుని పారిపోయాను. నన్ను కాపాడటానికి తప్పు తన మీద వేసుకుంది."

తర్వాత వెనక నుంచి ఎవడో అరిచాడు. "అయితే అసలు మార్పిడమ్మవి నువ్వేనన్నమాట!"

హాలు ఘొల్లుమంది. కడుపులు పట్టుకుని నవ్వారు. ఓనరు మనవడు "భలే ట్విస్టు!" అని చప్పట్లు కొట్టాడు. చెప్పినావిడ కూడా గండం గడిచినట్టు నవ్వేసింది.

గేటక్క లేచింది. మోకాళ్లు పట్టుకుని వేదిక మెట్లెక్కింది. మనవడు "రండి మామ్మగారూ, రెండు ముక్కలు మాట్లాడండి" అని మైకు ఇచ్చాడు, నవ్వుతూనే.

"మా వసారాలో బల్బు పీకించింది మీ తాత. పుస్తకంలో ఏడు ఫొటోలు వేశావు, ఆ ముక్క వేయలేదు" అంది అతనితో. తర్వాత హాలు వైపు తిరిగింది. "మీలో సగం మంది నా భుజాన కక్కినవాళ్లే. బేకరీవాళ్ల అబ్బాయి, మూడో వరుసలో పళ్లికిలిస్తున్నావు, ఆ మారిన బిడ్డవి నువ్వే. నేను దొడ్లు కడిగాను. నా కొడుకు బళ్లో ఏడ్చి వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో ఒక్క తల్లి నా చేతికి బిడ్డనివ్వలేదు. అబద్ధం చెప్పినప్పుడూ నవ్వారు, నిజం చెప్పినా నవ్వుతున్నారు."

హాలు సద్దుమణిగింది. మనవడు మైకు కోసం చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఏ ముక్కకు నవ్వు వచ్చిందో చెప్పండి. నేనూ నవ్వుతాను."