తోడేలుకు కోడికూర

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి నేను. తోడేలు పాఠం పదో తరగతిలో ఉందేమో, నాకు తెలియదు. మోంటానాలో నేను చేసిన పనికి ఇంతకన్నా మంచి సంజాయిషీ నా దగ్గర లేదు.

ఇర్వింగ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక మా బావ ఇక ఎవడి కిందా పనిచేయనని ఒట్టు పెట్టుకుని, మోంటానా కొండల మధ్య ఒక గ్యాస్ స్టేషన్ కొన్నాడు. దాంతోపాటు ఒక కొట్టు, కొట్టులో కాఫీ మిషను, చేపల ఎరలు, తూటాలు, వేట లైసెన్సులు ప్రింట్ చేసే కంప్యూటరు వచ్చాయి. అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీద అప్పుడే దిగిన నేను కూడా ఆ సామానులో ఒకణ్ణిగా కలిసిపోయాను. అక్క నర్సు. గంట దూరంలో ఆసుపత్రి. పొద్దున్నే కొట్టు తెరిచే డ్యూటీ నాది.

తెరవగానే ముందురోజు మిగిలిన అన్నం, కోడికూర, బొక్కలు ఒక రేకు పళ్ళెంలో కలిపి వెనక తలుపు బయట పెట్టేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు. మా ఊళ్ళో మిగిలిన ముద్ద వీధికుక్కకు వేయడమంటే తిన్నాక చేయి కడుక్కోవడంలాంటిది. ఎవరూ దాని గురించి ఆలోచించరు. అమెరికాలో వీధికుక్కలు ఉండవన్న సంగతి నాకు తట్టలేదు. పైగా రెండో వారానికల్లా కుక్క వచ్చింది కూడా.

బూడిద రంగు, పొడుగాటి కాళ్ళు. తోక ఊపేది కాదు. అమెరికా కుక్క కదా, కాస్త పొగరు ఉంటుందనుకున్నాను. మొదట్లో నేను లోపలికి వెళ్ళాకే తినేది. పోనుపోను నేను తలుపులో నిలబడి ఉండగానే తినడం మొదలుపెట్టింది. "కారం ఎక్కువైందా?" అని అడిగితే తలెత్తి చూసేది. ఆ కొండల్లో పగలంతా నా తెలుగు వినడానికి బావ ఒకడు, అదొకటి. బావ వినడం తక్కువ, అరవడం ఎక్కువ. అందుకని నాకు దాంతోనే బాగా కుదిరింది.

ఆ చలికాలం కొట్టులో రోజూ తోడేళ్ళ మాటే. కాఫీ మిషను పక్క బల్ల దగ్గర వేటగాళ్ళు ముగ్గురు చేరేవాళ్ళు. గుండెల దాకా గడ్డం ఉన్నాయన అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడు.

"ఎల్క్‌లన్నీ వాటి కడుపులోకే పోతున్నాయి. తోడేళ్ళ వేట సీజను ఏడాది పొడుగునా పెట్టాలి," అనేవాడు. ఎల్క్ అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పి. చలికాలమంతా వాళ్ళ ఇళ్ళలో తినేది దాని మాంసమే.

ఎదురుగా కూర్చునే పొట్టాయన నవ్వేవాడు. "ఎల్క్‌లు ఉన్నాయి. నువ్వు ట్రక్కు దిగితే కనపడతాయి. గుంపుకు పెద్దదాన్ని కాల్చేస్తే మిగిలినవి చెల్లాచెదురై ఆవుల మీద పడతాయి. ఎన్నిటిని, ఎప్పుడు అనేది చూసి కొట్టాలి."

"ఎవరు చూస్తారు? ఆఫీసులో కూర్చున్నవాడా?"

వాళ్ళిద్దరి మధ్యా డెబ్బై దాటిన పెద్దావిడ. చిన్నప్పటి నుంచి తుపాకీ పట్టిన మనిషి. మొదటిసారి నన్ను "హనీ" అని పిలిచినప్పుడు నేను కంగారుగా బావ వైపు చూశాను. ఇక్కడ అందరినీ అలాగే అంటారని తెలిశాక కాస్త నిరాశ పడ్డాను.

ఒకరోజు ఆవిడ అంది, "నాకు ఈ కొండల్లో తోడేళ్ళు ఉండాలి. సీజనూ ఉండాలి."

"ఉండాలంటే చంపడం ఎందుకు మేడమ్?" అన్నాను కాఫీ పోస్తూ.

"మనిషంటే భయం ఉండాలి హనీ. ఆ భయం పోయిన తోడేలును కాపాడటం ఎవరి వల్లా కాదు."

గడ్డపాయనకు తలూపాను, పొట్టాయనకు తలూపాను, ఆవిడకూ ఊపాను. ముగ్గురూ నన్ను తమవాడే అనుకున్నారు. నేనూ ముగ్గురివాణ్ణే అనుకున్నాను. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళదే నిజమనిపించేది.

ఆ వారమే బావ కెమెరా రికార్డింగు చూస్తూ నన్ను కేకేశాడు.

"ఏరా, ఇటు రా. ఇదేంటి?"

"కుక్క బావా."

"ఎవరిది?"

"ఎవరిదీ కాదు. వీధికుక్క."

"ఇక్కడ వీధి ఎక్కడుందిరా?"

నేను కిటికీలోంచి చూశాను. రోడ్డు, మంచు, కొండలు. బావ అన్నదీ నిజమే.

"ఆ కాళ్ళు చూడు, ఆ మూతి చూడు. ఒరేయ్, తోడేలుకి చికెన్ కర్రీ పెట్టావురా!"

"బాగానే తింటోంది బావా."

"జోకులెయ్యకు. వైల్డ్ యానిమల్స్‌ని ఫీడ్ చెయ్యడం ఇక్కడ క్రైమ్. రిపోర్ట్ చేస్తే మన పని అయిపోతుంది. రేపట్నుంచి బంద్. ఎవ్వరికీ చెప్పకు."

బంద్ చేశాను. తోడేలుకు ఆ సంగతి తెలియదు కదా. పొద్దున్నే వచ్చి పళ్ళెం పెట్టే చోట కూర్చునేది. రెండు రోజులు చూసి, మూడో రోజు పట్టపగలు పెట్రోలు పంపుల దాకా వచ్చింది. కార్లో పెట్రోలు పోసుకుంటున్న ఒకావిడ ఫోటో తీసింది. సాయంత్రానికి ఆ ఫోటో కాఫీ బల్ల మీదకు చేరింది.

"పిల్లలు తిరిగే చోటికి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే," అన్నాడు గడ్డపాయన. "నా దగ్గర లైసెన్సు ఉంది. రేపటి నుంచి పొద్దున్నే రోడ్డవతల మా స్థలంలో కూర్చుంటా. బడ్డీ, నువ్వు చూశావా? ఏ టైముకు వస్తుంది?" అన్నాడు నా వైపు తిరిగి.

ఆ లైసెన్సు ప్రింట్ చేసి ఇచ్చింది నేనే. తప్పు ఆయనదని అనలేను. సీజను నడుస్తోంది, స్థలం ఆయనది, భయం కూడా న్యాయమైనదే. మరి తోడేలు తప్పా? పిలిచి పెట్టింది నేను. బడిలో ఉన్నన్నాళ్ళూ నాకు అర్థంకాని లెక్కలు చాలా ఉండేవి కానీ, ఇలా చేసినా అలా చేసినా జవాబు ఒక తోడేలు చచ్చిపోవడమే అయ్యే లెక్క ఇదే మొదలు.

పెద్దావిడ వెళ్ళిపోతుంటే వెంటపడి, ట్రక్కు దగ్గర అంతా చెప్పేశాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు."

"ఏం పెట్టావు?"

"కోడికూర."

"నాకు ఒక్కసారీ పెట్టలేదు," అంది. తర్వాత గొంతు మారింది. "రేపు అతనికన్నా ముందు వస్తాను. కానీ తరమాల్సింది నువ్వు. నీ గొంతు, నీ వాసన దానికి తిండిగా తెలుసు. నువ్వే దాన్ని చెడగొట్టావు."

మర్నాడు వెలుగు వస్తూ ఉండగా అది వచ్చింది. మా ఊళ్ళో కుక్కను తరమడానికి రాయి అక్కర్లేదు. రాయి తీసుకుంటున్నట్టు వంగితే చాలు, వీధి చివర ఉంటుంది. నేను వంగాను. అది పారిపోలేదు. ఇంకో రెండు అడుగులు దగ్గరికొచ్చింది. పళ్ళెం పెట్టడానికి వంగాననుకుంది.

నేను అలాగే వంగి ఉన్నాను.

"కొట్టు!" అని అరిచింది పెద్దావిడ ట్రక్కు చాటు నుంచి.

నిజంగానే రాయి తీశాను. డొక్కలో తగిలింది. నాకు వచ్చిన బూతులన్నీ తిట్టాను. రెండు నెలలు కబుర్లు చెప్పిన గొంతుతోనే. అది కదలకుండా నా వైపే చూసింది. అప్పుడు ఆవిడ ఉత్త చప్పుడు చేసే తూటా ఒకటి పేల్చింది. దీపావళి బాంబు కొండకు తగిలి తిరిగొచ్చినట్టయింది. అది కొట్టు వెనక వాలెక్కి, ఆగి, వెనక్కి చూసింది. మళ్ళీ రాయి విసిరాను.

చప్పుడు విని గడ్డపాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది?"

"వీళ్ళ దేశం పండగట," అంది ఆవిడ. నేను తలూపాను.

మూడు పొద్దులు ఆయనకన్నా ముందే అలాగే చేశాం. నాలుగో రోజు అది రాలేదు. గడ్డపాయన వారం రోజులు చలిలో కూర్చుని, జలుబు చేసి మానుకున్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం చెత్త పారేయడానికి ట్రక్కులో వెళ్తుంటే కొండవాలు మీద కనపడింది. అదేనని నాకు అనుమానం లేదు. ట్రక్కు దిగాను. నన్ను చూసిన మరుక్షణం చెట్లలోకి దూసుకుపోయింది, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నాకు కావలసింది అదే. గెలిచినట్టే. మరి అక్కడ మంచులో అంతసేపు ఎందుకు నిలబడ్డానో చెప్పలేను. సంతోషం లాంటిదే ఏదో ఉంది. దాని లోపల ఇంకేదో గుచ్చుకుంటోంది.

మర్నాడు పెద్దావిడ రాగానే చెప్పాను. "నన్ను చూసి పారిపోయింది మేడమ్."

"గుడ్," అంది. పర్సులోంచి గుర్తింపు కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. "తోడేలు లైసెన్సు ఒకటి ప్రింట్ చెయ్యి హనీ."

నేను కార్డు ముట్టుకోలేదు. "దాన్నేనా?"

"ఏది ఎదురైతే అది. ఏదీ ఎదురుపడకపోవచ్చు కూడా."

"మరి ఎందుకు కాపాడారు?"

"నీ గుమ్మంలో కూర కోసం కూర్చున్నదాన్ని కాల్చడం వేట కాదు. ఇప్పుడది నా వాసన తగిలితే కొండ దాటేస్తుంది. నేను ఆ కొండంతా ఎక్కాలి." మోకాలు తడుముకుంది. "ఈ మోకాలితో."

"మీరు దాని పక్షమా, గడ్డపాయన పక్షమా?"

ఆవిడ నా మొహం చూసి, ఇంత తేలిక విషయం ఎందుకు అడుగుతున్నాడన్నట్టు నవ్వింది. లోపల్నుంచి బావ తెలుగులో గొణిగాడు, "కస్టమర్‌తో డిబేట్ ఏంట్రా? ప్రింట్ చెయ్యి."

ఆవిడ పుట్టినతేదీ రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి మిషను ఒప్పుకుంది. కాగితం వెచ్చగా బయటికొచ్చింది. లైసెన్సు చేతికిచ్చేటప్పుడు ప్రతివాళ్ళకూ "గుడ్ లక్" చెప్పడం కొట్టు పద్ధతి. నేనూ చెప్పాను. ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట ఆవిడకు చెప్పానో, చెట్లలోకి పోయినదానికి చెప్పానో మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.