మొలతాడుకు కట్టిన గొట్టం

"పిల్లదాని మొలతాడు తెంచావా?" అన్నాడు.

"తెంచేశానయ్యా. ఇదిగో చూడు, ఉత్త నడుము," అన్నాను.

మా ఆయనకీ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి పిల్ల గౌను పైకెత్తి చూపించాను. చూశాడో లేదో తెలియదు. కళ్ళు మాత్రం అటే ఉన్నాయి.

ఇలాగే రాయి అమ్మాయ్. చదువుకున్నవాళ్ళ మాటల్లోకి మార్చకు. నువ్వు నా తమ్ముడి కూతురివే అయినా అప్పటికి నువ్వింకా పుట్టలేదు. అందుకని మొదట్నుంచీ చెబుతాను.

మీ మామయ్యది బెజవాడ ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు. పాత బ్యాటరీల్లోంచి తీసిన సీసం కరిగించి, చేపల వలలకు కట్టే గుండ్లు పోసేవాడు. కాలవల్లో వల విసిరేవాళ్ళు పామర్రు సంతలో అవి కొనుక్కునేవాళ్ళు. షెడ్డు వెనకే ఒక గదిలో ఉండేవాళ్ళం. నేను, ఆయన, మా అత్త, మూడేళ్ళు నిండని నా కూతురు.

ఆయనకొక అలవాటు ఉండేది. పోకూడని వస్తువు ఏదైనా సరే మొలతాడుకే కట్టుకునేవాడు. చొక్కాకు జేబులుండవా అంటే, "చొక్కా విప్పుతాం, మొలతాడు విప్పుతామా?" అనేవాడు. షెడ్డు తాళంచెవి అక్కడే, చెవిలో గుబిలి తీసుకునే పుల్ల అక్కడే. ఆయన నడుస్తుంటే గలగలమనేది.

ఒకరోజు పాతసామాన్లవాడి దగ్గర తూకానికి కొన్న సరుకులో ఒక సీసం కుండ వచ్చింది. చెంబంత ఉంది, ఎత్తబోతే చెయ్యి జారిపోయేంత బరువు. ఏదో పెద్దాసుపత్రిలో పనికిరాని సామానంతా అమ్మేస్తే అందులో వచ్చిందని అమ్మినవాడు చెప్పాడట. ఆయన సంబరపడిపోయాడు. బ్యాటరీ సీసంలా మట్టీ మశానం లేకుండా శుభ్రంగా ఉంది. మూత బిగుసుకుపోతే సుత్తితో కొట్టి తెరిచాడు. లోపల ఒక గొట్టం దొరికింది. అగ్గిపుల్లలో సగం పొడుగుంటుంది, అంతకన్నా కాస్త లావు. తెల్లటి మెరుపు. ఒక కొసన సన్నటి బెజ్జం.

"వెండా?" అన్నాను.

"వెండి ఇంత బరువుంటుందా పిచ్చిదానా! ఇదేదో గట్టి సరుకే. బెజ్జం చూడు, తాడు ఎక్కించుకోమని దేవుడు పెట్టినట్టు."

కుండ సీసం కరిగించే మూసలోకి పోయింది. గొట్టం మొలతాడుకెక్కింది.

"తాళంచెవి, చెవిపుల్ల, ఇప్పుడిదీ. గంటలు కట్టిన ఎద్దులా ఉన్నావు," అన్నాను.

"ఎద్దునే కదా, నీ బండి లాగుతున్నాను," అన్నాడు. మా అత్త కూడా నవ్వింది. ఆ ఇంట్లో మనసారా నవ్వుకున్నది అదే ఆఖరు.

కొన్నాళ్ళకి నడుము మీద కుడివైపు చర్మం కందింది. తాడు ఒరుసుకుందనుకున్నాం. కొత్త తాడు కట్టి, గొట్టాన్ని ఎడమవైపుకు జరిపాడు. అక్కడా కందింది. కుడివైపుది బొబ్బలెక్కి చితికింది. కొబ్బరినూనె రాశాం, పసరు పోశాం. పుండు పైకి మానకపోగా లోపలికి దిగుతూ పోయింది. అన్నం తింటే వాంతి. పళ్ళు తోముకుంటే నెత్తురు. సీసం పొగ పడలేదేమో, పని మానెయ్యవయ్యా అని నేను. ఎవరో చేతబడి చేశారని అత్త. ఆయన పక్కకు తిరిగి పడుకోవాలన్నా నా చెయ్యి పట్టుకునేవాడు.

చివరికి ఆసుపత్రికి పోదామని ఒప్పుకున్నాడు. బయలుదేరే ముందురోజు సాయంత్రం పిల్లను దగ్గరికి పిలిచి, తన నడుముకున్న గొట్టం తీసి దాని మొలతాడుకు కట్టాడు. "నాకు అచ్చిరాలేదు. దీనికి కలిసొస్తుందేమో. పెళ్ళినాటికి కరిగించి ఏదైనా చేయిద్దాం," అన్నాడు. వల కట్టేవాళ్ళ దగ్గర నేర్చుకున్న ముడి అది. వేస్తే ఇక ఊడదు.

మర్నాడు పిల్లను అత్త దగ్గర వదిలి, రిక్షాలో ఆయన్ను తీసుకెళ్ళాను. డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. ఒకవైపు పుండు, రెండోవైపు పుండు, రెండూ మొలతాడు కిందే.

"ఇక్కడ ఏం కట్టుకున్నావయ్యా?"

ఆయన చెప్పాడు. కుండ సంగతి, గొట్టం సంగతి, బెజ్జం సంగతి. ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"అది ఇప్పుడెక్కడుంది?"

"మా పాప మొలతాడుకి కట్టానండీ."

ఆ డాక్టరమ్మ ముఖం నేను చచ్చినా మరిచిపోను. అది రేడియం అట. క్యాన్సరు వచ్చిన ఆడవాళ్ళకి లోపల పెట్టి, గడియారం చూసి మళ్ళీ తీసేస్తారట. పెద్దాసుపత్రిలో ఒక గొట్టం కనపడటం లేదని కొంతకాలంగా వెతుకుతూనే ఉన్నారట. ఖాళీ అనుకుని కుండ అమ్మేశారో, ఎవరైనా ఎత్తుకుపోయి అమ్మారో ఎవరూ చెప్పలేదు. రేడియం అంటే చీకట్లో మెరిసే గడియారం ముళ్ళే నాకు తెలుసు. ఇది మెరవను కూడా మెరవలేదు.

"ఆ పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తున్నాను, కారు వస్తుంది, ఆగమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ సీసం కుండ ఉందా?"

"కరగబోసేశామండీ."

"అయ్యో!" అంది. "చేత్తో పట్టుకోవద్దు. పట్టకారుతో తియ్యి. ఎంత సీసం ఉంటే అంత దాని మీద పొయ్యి, దాన్ని ఆపేది సీసమే. పిల్లను దూరంగా..."

మిగతాది వినలేదు. కారు కోసం ఆగలేదు. రిక్షా ఎక్కాను. బందరు రోడ్డు మీద ఎదురుగాలి. తొక్కేవాడు నిలబడి తొక్కినా బండి కదలడం లేదు. "దిగి తొయ్యనా అన్నా?" అంటే, "కూర్చోవమ్మా, నీ ఏడుపుకే చక్రం తిరగట్లేదు," అన్నాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది. ఆటోనగర్ మలుపులో దిగి పరుగెత్తాను.

అత్త పిల్లను ఒళ్ళో వేసుకుని నడుముకు కొబ్బరినూనె రాస్తోంది. "పొద్దుట్నుంచీ గోక్కుంటోందే," అంది. గౌను ఎత్తాను. పావలా బిళ్ళంత ఎరుపు. దాని మీద ఆ గొట్టం.

ఆయన గెడ్డం గీసుకునే బ్లేడు తీశాను. పొయ్యి దగ్గర పట్టకారు తీశాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మొలతాడు తెంచుతావా? అదేమన్నా శవమా తెంచడానికి? అక్కడ నా కొడుకు మంచం మీదున్నాడు, ఇక్కడ నువ్వు ఈ పని చేస్తావా?"

"అత్తయ్యా, నీ కొడుకును తిన్నది ఇదే. వదులు!"

వదిలింది. పిల్ల కాళ్ళు తన్నుతోంది. పట్టకారుతో గొట్టాన్ని ఒంటికి దూరంగా లాగి పట్టుకుని తాడు కోశాను. పట్టకారుతోనే షెడ్డులోకి పట్టుకెళ్ళి ఇనప బాల్చీలో వేశాను. అమ్మకానికి పోసి ఉంచిన వలగుండ్లన్నీ తట్టలతో తెచ్చి దాని మీద గుమ్మరించాను. ఏ కుండలోంచి అది బయటికి వచ్చిందో, ఆ కుండ సీసమే అందులో ఎంతో కొంత ఉండే ఉంటుంది. తలుపు వేసి, పిల్లను ఒకచేత్తో, అత్తను ఒకచేత్తో పట్టుకుని రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాను.

కారు వచ్చింది. గొట్టాన్ని పొడుగు పిడి ఉన్న పట్టకారుతో తీసి పెద్ద పెట్టెలో వేసుకున్నారు. టిక్కుటిక్కుమనే యంత్రం ఒకటి తెచ్చారు. బాల్చీ దగ్గర అది వడగళ్ళ వానలా మోగింది. గొట్టం పెట్టెలోకి పోయాక గుండ్ల మీద పెడితే తగ్గిపోయింది. తర్వాత పిల్ల నడుము దగ్గర పెట్టారు. ఎప్పుడో ఒక్క టిక్కు.

"మోగకపోతే మంచిదేనాండీ?"

"మంచిదేనమ్మా. ఒంట్లో ఏమీ మిగల్లేదు. కానీ తగలాల్సింది తగిలింది. చూసుకుంటూ ఉండాలి," అన్నాడు ఆ యంత్రం పట్టుకున్నాయన.

ఎంతకాలం చూసుకోవాలో చెప్పలేదు.

అదే కారులో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన అడిగాడు, నేను చెప్పాను. పొద్దు వాలకముందే పోయాడు. ఆయన మొలతాడు ఆసుపత్రివాళ్ళే తీసేశారు.

దొంగసొత్తు కట్టుకున్నాడు, అనుభవించాడు అన్నారు కొందరు. ఆయన దొంగ కాదు. తూకం వేయించి కొన్నాడు.

పిల్లకు ఆ ఎరుపు పుండై, నెలల తరబడి మానలేదు. మానాక తెల్లటి మచ్చ మిగిలింది. దానికి ఏ జ్వరం వచ్చినా నా చెయ్యి ముందు నుదుటి మీదికి పోదు, నడుము మీదికి పోతుంది. పెళ్ళయ్యాక కూడా అంతే, "అమ్మా, ఇంక చాలే" అని విసుక్కుంటుంది. రెండు కాన్పులూ ఊపిరి బిగబట్టే చూశాను. పిల్లలు బాగానే పుట్టారు. అదీ బాగానే ఉంది. చూసుకుంటూనే ఉన్నాను.

దాని పిల్లలకు మొలతాడు నేనే కట్టాను. ఉత్త నల్లతాడు. పూస కూడా ఎక్కించనివ్వలేదు.

రాశావా అమ్మాయ్? అయితే ఒకసారి చదివి వినిపించు. అంతా వద్దు, మొదట ఆయన అడిగాడే, ఆ మాట చదువు. తర్వాత నేను చెప్పిన మాట. అది కాస్త గట్టిగా చదువు.