కీబోర్డు ముందు పెట్టిన నమస్కారం

మా వంశంలో ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క నమస్కారంతో పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. గుండె చిక్కబట్టుకుని చదవండి.

వల్లూరులో మా పొలాలన్నీ ఇప్పుడు సోలార్ పలకల కింద ఉన్నాయి. మేడ ఎప్పుడో కూలింది. మిగిలింది భజన మందిరంలో హార్మోనియం పీట ఒక్కటే. అది మా తాతది, తర్వాత మా నాన్నది. హార్మోనియం చెదల పాలయ్యాక సంఘంవాళ్లు కీబోర్డు కొన్నారు. "శ్రీరామనవమికి నువ్వు వాయిస్తే పీట నీది. లేకుంటే ఎరువుల అంగడి చంద్రన్నది" అని తేల్చేశారు.

అరవై దాటినవాణ్ణి, కీబోర్డు చంకన పెట్టుకుని బస్సెక్కి పావగడలో సంగీతం మాస్టరు దగ్గర చేరాను. నా వేళ్లు పంపకాల్లో చెడిన అన్నదమ్ములు. ఒకటి కదిలితే రెండోది మొహం తిప్పుకునేది.

"సామీ, వీపు అంత బిగబట్టొద్దండి" అన్నాడు మాస్టరు.

"మా వంశంలో వంగి కూర్చున్నవాడు లేడు."

"తాళంలో వాయించినోడన్నా ఉండాడా సామీ?"

పండగ ముంచుకొచ్చింది, పాట రాలేదు. చివరికి మాస్టరు చేతనే పాటంతా వాయించి, ఆ కీబోర్డు పెట్టెలోనే రికార్డు చేయించుకున్నాను.

నవమి నాడు రహస్యంగా బొత్తాం నొక్కి, కీబోర్డు మెట్లకు తగలకుండా వేళ్లు ఆడించాను. చంద్రన్న చిడతలు కొట్టడం మరిచాడు.

"ఏం వాయిస్తాండాడప్పా! అచ్చం వాళ్ల తాతే!" అంది మంగమ్మవ్వ.

నా వీపు ధ్వజస్తంభమైంది.

సరిగ్గా అప్పుడే తిరుమణి నుంచి మా పెద్దమామ వచ్చాడు. నాకు పిల్లనిచ్చిన ఇంటి పెద్ద. మా మర్యాద ఏమిటంటే, ఆయన కనబడగానే లేవాలి, రెండు చేతులూ జోడించాలి, "కూర్చో" అనేదాకా దించకూడదు. బుర్ర కంటే ముందు కాళ్లు లేచాయి. చేతులు జోడించేశాను.

పాట ఆగలేదు. పైగా చరణం ఎత్తుకుంది!

మందిరం బిగుసుకుపోయింది. అందరికంటే ఎక్కువగా నేను. జోడించిన చేతులను చూస్తాను, పాడే పెట్టెను చూస్తాను.

"ఏందప్పా అల్లుడా! నువ్వు ఈడ నిలబడుకోని ఉండావు, అది ఆడ వాయిస్తా ఉండాది?"

"మీరు కూర్చోమంటే ఆపుతాను మామా!"

"ఎట్ల కూర్చోమనేదిరా, నాకే కాళ్లు వణుకుతాండాయి!"

మంగమ్మవ్వ చెంపలేసుకుంది. "రాములోరే దిగొచ్చి వాయిస్తాండాడు!"

"రాములోరు కాదవ్వా, రికార్డు!" అని చంద్రన్న గొంతు చించుకున్నాడు.

సంఘం పెద్ద చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అది తప్పు వాయించదు, అలగదు, మర్యాదలడగదు. పీట దానికే ఇద్దాం. మనిషెందుకప్పా?"

ఇప్పుడు మా తాత పీట మీద పట్టుగుడ్డ కప్పుకుని ఆ కీబోర్డు కూర్చుంటుంది. కింద చాప మీద ఒక పక్క చంద్రన్న, ఒక పక్క నేను.

కనుక పలకల కింద ఉన్న మా పొలాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వాయించేటప్పుడు సాక్షాత్తూ ఇంద్రుడే గుమ్మంలోకి వచ్చినా, ఇక ఈ జన్మలో రెండు చేతులతో నమస్కారం పెట్టను. ఒక్క చేత్తోనే పెడతాను.