వంచిన నీళ్ళు

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మామూలుగా మా పాకాల వైపు వాన పడితే పండగే. చెరువులో నీళ్ళు, బోర్లలో నీళ్ళు, గట్ల మీద ఎటు చూసినా ఆకు. గలిజేరు, దొగ్గలాకు, గురుగాకు, చెంచలాకు ఎవరూ విత్తకుండా, ఎవరూ తడి పెట్టకుండా ఎగబడి మొలిచాయి. అంత ఆకు చూసి నాకు గుండె దడ పుట్టింది మాత్రం ఆ ఒక్క ఏడే. ఆ పచ్చదనం మా ఆయన ప్రాణం మీదికి తెస్తుందని భయపడ్డాను. భయపడ్డట్టే అయింది. కాకపోతే నేను ఒక దారి కాపలా కాస్తుంటే అది ఇంకో దారిన వచ్చింది.

మా ఆయనకు మామిడి తోట ఉంది, ఆవులున్నాయి. నేను పాకాల హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఇంట్లో మూడో మనిషి మా అత్త. వంట ఆమెది. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఈ ఇంట్లో గరిటె ఒకటేననీ, అది ఎవరి చేతిలో ఉంటుందో చూసుకొమ్మనీ చెప్పకనే చెప్పింది. చూసుకున్నాను. గ్యాసు స్టవ్వు నా కాఫీకి. అసలు వంట పెరట్లో కట్టెల పొయ్యి మీద, ఎండిన మామిడి కొమ్మలతో. ఆ సెగకు ఉడికిన సంగటి రుచి గ్యాసుకు రాదంటుంది. తిన్నాక నేనూ ఎదురు మాట్లాడలేదు.

ఆమె వంటకు ఒక చట్టం ఉంది. ఉడికిన నీళ్ళు పారబోయకూడదు. అన్నం వంచితే గంజి. దాంట్లో ఉప్పు, కాస్త మజ్జిగ వేస్తే ఎండలో పనిచేసి వచ్చినవాడికి ప్రాణం లేచి వస్తుంది. ఉలవలు ఉడికిస్తే గింజలు ఆవులకు, కట్టు మాకు. ఆకు ఉడికిస్తే ఆకును పప్పులో వేసి మెత్తగా ఎనిపేది, నీళ్ళలో మిరియాలు, జీలకర్ర, తెల్లగడ్డ దంచి వేసి చారు కాచేది.

“సారమంతా నీళ్ళలోకి దిగిపోతాది మే. మిగిలేది పిప్పి. పిప్పి పశువుకు, సారం మనిసికి” అనేది. గంజి తాగి పిల్లల్ని బతికించుకున్న కాలం చూసిన మనిషి. ఆ మాటను కాదనే హక్కు నాకెక్కడిది?

మా ఆయన జబ్బు సద్దు చేయకుండా వచ్చింది. మోకాళ్ళ నొప్పులకు అంగట్లో తానే కొని మింగిన మాత్రలు, ఏళ్ళ తరబడి లెక్కచేయని బీపీ కలిసి కిడ్నీలను తినేశాయి. కాళ్ళు వాచి, మొహం ఉబ్బితే తిరుపతిలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అత్త కూడా వచ్చింది. డాక్టరు కాగితాలన్నీ చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. డాక్టర్లు కళ్ళద్దాలు తీశారంటే మంచి మాట చెప్పరని నాకు అప్పుడే తెలిసింది.

“డయాలసిస్ దాకా ఇంకా పోలేదు. కానీ పొటాషియం పెరుగుతోంది. అది పెరిగితే జ్వరం రాదు, నొప్పి ఉండదు. గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. తిండి దగ్గర జాగ్రత్త పడాలి” అన్నాడు.

తిండి సంగతి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, ఓపికగా చెప్పింది. టెంకాయ నీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, టమోటా వద్దు, మామిడి వద్దు. మామిడి తోట గలవాడికి మామిడి వద్దు! టమోటా లేకుండా చిత్తూరు జిల్లాలో కూర!

“ఇంకేముండాది తినేదానికి, గడ్డి తినాల్నా?” అన్నాడు మా ఆయన.

“గడ్డి కూడా పచ్చిది వద్దంట, ఉడకబెట్టుకొని తిను” అన్నాను నేను.

ఆ అమ్మాయి నవ్వి, మా అత్త వైపు తిరిగింది. వంట ఎవరిదో చూడగానే కనిపెట్టింది.

“ఆకుకూర పెట్టాలంటే సన్నగా తరిగి, నీళ్ళు ఎక్కువగా పోసి, బాగా ఉడకబెట్టి, ఆ నీళ్ళు వంచేసి పెట్టండవ్వా. వంచకుండా మాత్రం పెట్టొద్దు.”

“వంచేది నాకు తెలీదా పాపా? బుద్ధి తెలిసినప్పటి నుంచి వంచతానే ఉండా” అంది మా అత్త.

అందరం నవ్వాం.

మరుసటి రోజు నుంచి ఆమె ఆ మాట తుచ తప్పలేదు. పొద్దున నేను బస్సుకు తయారవుతుంటే పెరట్లో పెద్ద దబర గిన్నె పొంగుతూ ఉండేది. ఆకు నీళ్ళు ముదురు పచ్చగా తిరిగేవి. మూత అడ్డం పెట్టి, పొగకు కళ్ళు చికిలించుకుంటూ ఆమె వంచడం నా కళ్ళతో చూసేదాన్ని. మా ఆయన పళ్ళెంలో పడే ఆకు రంగు పోయి, రుచి పోయి, తడిసిన కాగితంలా ఉండేది. ఆయన తిట్టుకుంటూ తినేవాడు. నేను ధైర్యంగా బడికి పోయేదాన్ని.

కానీ పరీక్షకు రక్తం ఇచ్చిన ప్రతిసారీ పొటాషియం పెరిగింది.

డాక్టరు నన్ను అదోలా చూశాడు. నేను మా ఆయన్ని అదోలా చూశాను. తోటలో ఎవరూ చూడకుండా మామిడికాయలు తింటున్నాడని నా అనుమానం. ఇంటికి వచ్చాక నిలదీశాను.

“నీ మీద ఒట్టు మే, నాలిక్కి కూడా తగలనీలేదు” అన్నాడు.

“నా మీద వేస్తే పోయేది నేను కదా. నీ మీద వేసుకో” అన్నాను.

వేసుకున్నాడు. నేను నమ్మలేదు. చొక్కా జేబులు వెతికాను, ఆయన నోరు వాసన చూశాను, తోటకు పోయి చెట్ల కింద టెంకల కోసం వెతికాను. ఒకరోజు పక్కింటి మామ కొండపిండి ఆకు కట్ట తెచ్చి అత్త చేతిలో పెడుతుంటే చూశాను. “కొండనే పిండి చేసే ఆకమ్మా, కిడ్నీ ఒక లెక్కా?” అన్నాడు. దొంగ దొరికాడనుకున్నాను. “కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది మామా” అని ఆ కట్ట తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. పచ్చాకు కాలక, ఇల్లంతా పొగ కమ్మింది. “పెరటి చెట్టు మందుకు పనికిరాదులే” అని మామ వెళ్ళిపోయాడు. అత్త నాతో మాట్లాడడం మానేసింది.

ఆ ఆకు మందు మానినా పొటాషియం తగ్గలేదు. మా ఆయన చేతిలోంచి పాల బక్కెట్టు జారింది. గట్టు దిగబోయి కూలబడ్డాడు. కాళ్ళు తనవి కానట్టున్నాయన్నాడు. రాత్రిళ్ళు నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఆయన రొమ్ము లేస్తోందా లేదా అని చూసేదాన్ని. కాస్త ఆలస్యంగా లేస్తే భుజం పట్టి కదిపేదాన్ని. మా ఇంట్లోకి ఏదో వస్తోంది. ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు. పాము దూరిన ఇంట్లో దీపం పట్టుకుని తిరిగినట్టు తిరిగాను.

ఒకరోజు ముసురు విడవక బడి మధ్యలోనే వదిలేశారు. తడిసి ఇంటికి వచ్చేసరికి పెరట్లోంచి మిరియాల వాసన, తెల్లగడ్డ తిరగమోత వాసన. మా ఆయన పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని పెద్ద గ్లాసు ఎత్తి పట్టి అడుగు దాకా తాగుతున్నాడు. అత్త కొంగుతో ఆయన నుదుటి మీద చెమట తుడుస్తోంది. ఎంత ముచ్చటగా ఉందో ఆ దృశ్యం! నేనూ గ్లాసు తెచ్చుకుందామనే అనుకున్నాను. అప్పుడు దబర వైపు చూశాను. అడుగున మిగిలిన నీళ్ళు ముదురు పచ్చగా ఉన్నాయి.

“అత్తా, ఇది ఏం చారు?”

మాట్లాడడం మానేసిన సంగతి మరిచిపోయి ఆమె సంతోషంగా చెప్పింది. “ఆకు నీళ్ళే మే. ఆ పిప్పి తింటే వాడికి బలం యాడ్నుంచి వస్తాది? ఎట్లా సన్నబడినాడో సూడు. అందుకే నువ్వు బడికి పోయినాక దినామూ కాంచి ఇస్తా ఉండా.”

“నీళ్ళు వంచేయమన్నారు కదత్తా!”

“వంచేసినా కదమ్మే! వంచకుండానే సారెట్లా కాస్తారు?”

బడిలో పిల్లలకు నానార్థాలు చెప్పి జీతం తీసుకునేదాన్ని. వంచేయడమంటే ఆస్పత్రిలో పారబోయడం, మా ఇంట్లో పట్టిపెట్టడం. ఆ పాప తప్పు చెప్పలేదు, మా అత్త తప్పు వినలేదు. ఆకులో ఉన్న విషమంతా పొయ్యి మీద పెట్టి లాగి, గ్లాసుకు పోసి, కన్నతల్లి తన చేతులారా కొడుక్కి తాగించింది.

నేను అరవలేదు. అరిస్తే ఆమెకు తెలిసిపోతుంది, ఆయనకు తెలిసిపోతుంది, ఆ గుండె ఆ మాటకే ఆగిపోతుందేమోనని భయం. పక్కింటి మామ కారు తీయించాను. “డాక్టరు రమ్మన్నాడు” అని అబద్ధం చెప్పాను. అత్త చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కింది. చంద్రగిరి దాకా మా ఆయన వాన గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. చంద్రగిరి దాటాక మాట తగ్గింది. గుండెలో పిట్ట కొట్టుకుంటున్నట్టుందన్నాడు. అత్త ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, “పొద్దున్నించి ఒక్క గలాసు సారు తప్ప ఏమీ తినలేదు బిడ్డ, నీరసం” అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆస్పత్రిలో గుండె పరీక్ష కాగితం చూడగానే లోపల పరుగులు మొదలయ్యాయి. చిన్న డాక్టరుకు చెవిలో చెప్పినట్టు ఏం తాగాడో చెప్పాను. సూదులు, సెలైను, గొట్టాలు తెచ్చారు. నన్ను బయటికి పంపి తలుపు వేశారు. ఆ తలుపు అవతల ఆయన ఉన్నాడో లేడో తెలియకుండా నేనూ అత్తా బెంచీ మీద కూర్చున్నాం. ఆమె దేవుళ్ళందరికీ మొక్కుకుంది. నాకు ఒక్క దేవుడి పేరూ గుర్తు రాలేదు.

చాలాసేపటికి పెద్ద డాక్టరు తలుపు తీసుకుని వచ్చాడు. “ఇప్పటికి గండం గడిచింది. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది. అన్ని జాగ్రత్తలు చెప్పి పంపితే రోజూ అది తాగించింది ఎవరమ్మా?” అని కోపంగా అడిగాడు.

“నేనే సార్” అన్నాను.

మా అత్త చివాల్న లేచి నా జబ్బ పట్టుకుంది. గోళ్ళు దిగేటట్టు పట్టుకుంది. ఆమె కళ్ళలో అంత అసహ్యం నేనెప్పుడూ చూడలేదు.

“ఏం తాగించినావే నా బిడ్డకు?”

డాక్టరే జవాబు చెప్పాడు. “ఆకులు ఉడికించి వంచిన నీళ్ళవ్వా. పారబోయాల్సిన నీళ్ళు. ఆయనకు అది విషం.”

ఆమె చెయ్యి నా జబ్బ మీద అట్లాగే ఉంది. పట్టు మాత్రం వదిలింది. డాక్టరు వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆయన ఇంటికి వచ్చాడు. గండం గడిచింది గానీ గడప దాటి పోలేదు, అక్కడే కాచుకుని ఉంది. వంట నేను చేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. మరుసటి పొద్దున అలాగే ఆకు తరిగింది, ఉడికించింది, వంచింది. దబర పట్టుకుని పెరటి మూలకు నడిచింది. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. ఆమె అంచు వంచబోయి ఆగింది. మళ్ళీ వంచబోయి ఆగింది. చివరికి నా వైపు తిరిగింది.

“మ్మే, నువ్వొచ్చి పారబోయి. నాకు చేతులు రావడం లేదు.”

వెళ్ళి దబర తీసుకున్నాను. ఇంకా వేడిగా ఉంది. మట్టిలో కుమ్మరించాను. ఆమె కదలకుండా ఆ తడి వైపే చూస్తూ నిలబడింది.

“అది బలమే మే” అంది. “ఇప్పుటికీ బలమే. నా బిడ్డ దాన్ని తట్టుకోలేకుండా పోయినాడు.”