మా మామకు ఎన్ని మార్కులు?

మా మేనమామ రామలింగయ్యకు లోకంలో తెలియాల్సింది ఒక్కటే: తనకెన్ని మార్కులొచ్చాయి. బీపీ చూసిన నర్సును అడుగుతాడు. కంటి డాక్టరు గోడ మీది అక్షరాలు చదివించి అద్దాలు రాసిస్తే, "అన్ని సరే, ఎంతకెంత సారూ?" అంటాడు. రాయచూరు బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది, పరీక్షల మీద మోజు మాత్రం ఆగలేదు.

అలాంటి మేనమామను పెట్టుకుని నేను బి.ఏ. సైకాలజీలో చేరాను. అందులో ప్రాక్టికల్స్ ఉంటాయి. ఎవరినైనా తెచ్చి కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, బొమ్మలు గీయించి, ఫలితం రికార్డులో రాయాలి. మా వీధిలో ఒక్కరు వస్తే ఒట్టు. పిచ్చివాళ్ల చదువని, నన్ను చూస్తే తలుపులు దగ్గరికి వేసుకునేవారు. మా అమ్మ కూడా, "నన్ను అడగకు మేఘా, లోపల ఏమన్న ఉన్నది బైటపడితె ఎట్లనే?" అంది. దిక్కులేక మామను అడిగాను.

"కూసుంట. మార్కులేస్తవ్ గదా?"

"మార్కులుండయ్ మామా. నీ మనసు ఎట్ల పనిజేస్తదో చూస్తం, గంతే."

"మార్కెయ్యకుంటె చూసుడెందుకే?"

మొదటిది అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరీక్ష. ముందు చెయ్యి అడ్డదిడ్డంగా పోవాలి, పోనుపోను కుదురుకోవాలి. ఆ కుదురుకోవడమే మేం కొలిచేది. మామ మొదటి దెబ్బకే తప్పు లేకుండా గీసి పెన్సిలు కింద పెట్టాడు. వారం రోజులుగా దుకాణంలో స్టీలు పళ్లెం అద్దంలా నిలబెట్టుకుని సాధన చేశాడట! నా గ్రాఫు నేల మీద గీత గీసినట్టు చదునుగా వచ్చింది. మా లెక్చరర్ వాదిరాజ్ సర్ దాన్ని చూసి తల పట్టుకున్నారు.

తర్వాత, అర్థం లేని అక్షరాలు గుర్తుంచుకునే పరీక్ష. నా నోట్సులోంచి ముందే బట్టీ పట్టాడు. అక్షరాలతో పాటు పేజీ నంబరు కూడా అప్పజెప్పాడు.

చివరిది దిగులును కొలిచే ప్రశ్నాపత్రం.

"దీనికి కరెక్ట్ జవాబేంది?"

"కరెక్టంటూ ఉండదు మామా."

"ఉంటది. నువ్వు చెప్తలేవ్."

నలభై ప్రశ్నలకూ "లేదు" అని రాసి, పైన తనకు తానే ఒక రోల్ నంబరు వేసుకున్నాడు.

రెండో ఏడాది నేను స్టాటిస్టిక్స్ తప్పాను. మళ్లీ రాశాను, మళ్లీ తప్పాను. ఆ తర్వాత అన్నం సయించలేదు. నిద్ర పట్టలేదు. కాలేజీ మానేసి గోడకు మొహం పెట్టి పడుకునేదాన్ని. ఆ లక్షణాలన్నీ మా పుస్తకంలో ఏ పాఠంలో ఉన్నాయో కూడా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? పాఠం చదివినంత మాత్రాన పక్క మీది నుంచి లేవలేకపోయాను. బతకడమే ఎందుకనిపించిన రోజులున్నాయి.

వాదిరాజ్ సర్ ఇంటికొచ్చి, "ఇది సోమరితనం కాదమ్మా. మానసిక వైద్యుడికి చూపించండి" అన్నారు. అమ్మ ఏడ్చింది. "బజార్ల తెలిస్తె పిచ్చిదంటరు సార్." సిగ్గుపడకూడదని పరీక్షలో రెండు పేజీలు రాసిన నేను కూడా, రానని మొండికేశాను.

మర్నాడు పొద్దున్నే మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"లెవ్వు. నా దిమాగ్ పరీక్షకు పోతున్న. తోడు రా."

ఆసుపత్రిలో మా వీధివాళ్లే ఇద్దరు కనిపించారు. చున్నీ మొహం మీదికి లాక్కున్నాను. వాళ్లు మెడలు సాచారు. మామ హాలు మధ్యలో నిలబడి గొంతెత్తాడు.

"ఓ సిస్టరమ్మా! దిమాగ్ డాక్టర్ ఈడనేనా? నా దిమాగ్ చూపించుకొనికి వచ్చిన! మార్కులు ఇయ్యాల్నే చెప్తరా, రేపు రావాల్నా?"

హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆ సందులో నేను డాక్టరు గదిలోకి జారుకున్నాను. ఒక్కరూ నన్ను చూడలేదు.

ఆరు నెలలు ప్రతి మంగళవారం అదే తంతు. బజారులో ఆయనకు "మెంటల్ రామలింగయ్య" అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టింది ఎదుటి బట్టల కొట్టు హనుమేశ్. మా అత్త కాత్యాయని గొడవపడుతుంటే గుమ్మం బయట నా చెవిన పడింది.

"మందు నీకు గాదని ఒక్క మాట చెప్తె నీ సొమ్మేం బోయె?"

"చెప్తె ఆ పేరు పిల్లకు పెడ్తరు. నాకేమైతదే? నా మొహం జూసి కొంటున్నరా ఇన్నొద్దులు? గిన్నె జూసి కొంటున్నరు."

మూడోసారి రాసి స్టాటిస్టిక్స్ గట్టెక్కాను. ఊరందరి ముందు తన మార్కులడిగే మామ, నావి ఎన్నని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

మొన్న నేను దుకాణంలో ఉండగా హనుమేశ్ వచ్చాడు. ఒక టిఫిన్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. మూత తీశాడు, పెట్టాడు. చివరికి మామ చెవి దగ్గరికి వంగాడు.

"మామా, ఆ డాక్టరు ఏ వారం కూసుంటడు? మా తమ్మునికి... కాదులే, నాకే."

పుట్టి బుద్ధెరిగాక మామ గొంతు తగ్గించడం అదే మొదటిసారి చూశాను.

"మంగళారం. ఒక్కనివే పోకు, నేనొస్త. ఆడ అందరు నాకు తెల్సినోళ్లే."