లారీ బోల్టులూ, మా అత్తగారి కాటా

మా ఆయన పాత లారీ కొన్న ఏడాది మా ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. ఒక పార్టీలో మా ఆయన ఒక్కడే. రెండో పార్టీలో మా అత్తగారు ఒక్కరే. నేను ఏ పూట ఎవరికి వడ్డిస్తుంటే ఆ పూటకు వాళ్ళ పార్టీ.

బళ్ళారి బజారులో మాది చింతపండు అంగడి, దాని వెనకే ఇల్లు. మామగారు పోయాక అంగడంతా అత్తగారి చేతి మీదే నడిచేది. సండూరు వైపు పల్లెల నుంచి సరుకు తెచ్చే బాడుగ లారీలు చెప్పిన రోజుకు వచ్చేవి కావు. సొంత బండి ఉంటే ఆ బాధ తప్పుతుందని మా ఆయన పట్టు. డ్రైవరును పెట్టుకోమంటే అదీ వినలేదు. లైసెన్సు తీసుకుని తనే తోలాడు. తెల్ల పంచె కట్టి, నొసట బొట్టు పెట్టుకుని లారీ తోలే మనిషిని చూడ్డానికి మొదటి వారం జనం అంగళ్ళ మెట్లు దిగి వచ్చారు.

“అంగట్లో కూసోవల్సినోడివి, లారీ కింద పండుకుంటాండావు. మీ నాయన చూసింటే ఏమనుండునో,” అనేవారు అత్తగారు.

“నాయన ఉండింటే నా పక్కన కూసోని వచ్చుండును,” అనేవాడు మా ఆయన.

ఆ వేసవిలో ఒకనాడు చోరనూరుకు సరుకు కోసం పోతూ నన్ను కూడా ఎక్కించుకున్నాడు. తిరుగుదారిలో, నిండు లోడుతో వస్తుంటే, ఎదురొచ్చే బండ్లవాళ్ళందరూ మాకు చేతులు ఊపడం మొదలుపెట్టారు.

“చూస్తివా, అందరూ గుర్తు పడ్తాండారు,” అని మా ఆయన సంతోషపడి తనూ చెయ్యి ఊపాడు.

ఒక బస్సు డ్రైవరు మమ్మల్ని చూసి బస్సును మట్టిలోకి దించేసి నిలిపాడు. కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. అది మాత్రం పలకరింపులా వినిపించలేదు. బళ్ళారి మొదట్లో ఒక పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

“శెట్రే, గాడి యావ కడె హోగ్తైతి?” అని కన్నడంలో అడిగాడు, బండి ఏ వైపు పోతోందని.

“ఊర్లోకే సార్,” అన్నాడు మా ఆయన.

“మీరు ఊర్లోకే. గాడి మాత్రం పక్క చేన్లోకి పోతాండాది. దిగి చూడండప్పా.”

దిగి, వెనక్కి వెళ్ళి చూశాం. ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు జానెడు పక్కగా ఇంకో దారిన ఉన్నాయి. మా లారీ సండూరు కొండల నుంచి ఇక్కడిదాకా ఎండ్రకాయలా పక్కవాటంగా నడిచి వచ్చింది. మా ఆయన చాలాసేపు చూసి, “రోడ్డే వంకర,” అన్నాడు.

రోడ్డు సంగతి మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ తేల్చాడు. ఆయన అరవై దాటిన ముసలాయన, ఊళ్ళో సగం లారీలకు ఆయనే దిక్కు. బండి బరువు మోసే ఇనుప పట్టీలు, అంటే కమాన్ కట్టలను, వెనక ఇరుసుకు కలిపి పట్టి ఉంచేవి యూ బోల్టులు. అవి వదులై, కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగి, ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగిపోయిందట. రెండు పక్కలా కొత్తవి వేసి, బిగించి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

“కొత్త బోల్టు సరిగ్గా కూసునేదానికి టైం పడ్తాది సేట్. లోడు మీద ఒక తిరుగుడు తిరిగొచ్చినాక మళ్ళా బిగించల్ల. మరిస్తే మళ్ళా ఇదే కథ.”

మా ఆయన మరిచిపోయే మనిషి కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మర్నాడు కాఫీ తాగకముందే పానాకు ఇనుప పైపు తగిలించి, చక్రానికి కాలు తన్ని పెట్టి, నాలుగు బోల్టులూ బిగించాడు. ఆ మర్నాడూ బిగించాడు. “నిన్ననే గదా బిగిస్తివి,” అంటే, “బిగువు ఎక్కువైతే నష్టమేముండాది?” అన్నాడు. నాలుగో రోజు ఆ నష్టమేమిటో తెలిసింది. ఠప్పుమని బోల్టు తెగింది. పైపు వదిలేసి మా ఆయన వెల్లకిలా పోయి, పక్కింటావిడ చీర మీద ఎండబెట్టిన సండిగల, అదే వడియాల, మధ్యలో పడ్డాడు. పక్కింటావిడ పరుగున వచ్చి మొదట సండిగలను చూసింది. తర్వాత మా ఆయనను చూసింది. మా అత్తగారు మెట్ల మీద నుంచే అడిగారు.

“తెగింది బోల్టేనా, నడుము గూడానా?”

బోల్టే. కానీ ఆ రోజుతో మా ఆయన గుండె చెదిరింది. ఉస్తాద్ వచ్చి కొత్త బోల్టు వేసి, “ఇంక మీరు బిగించొద్దు,” అని చెప్పి పోయాడు. ఆ తర్వాత పానా పట్టుకుంటే గాజుగ్లాసు పట్టుకున్నట్టే. గట్టిగా తిప్పితే తెగుతుందని భయం, తిప్పకపోతే ఎండ్రకాయ నడక వస్తుందని భయం. కుడతిని దాకా పోయి రావడంలో ఆరుసార్లు దిగి లారీ కిందికి తొంగి చూశాడు.

ఆ రోజుల్లోనే లారీ సామాన్ల పెట్టెలో, నూనెగుడ్డల కింద, నాకు ఒక పుస్తకం దొరికింది. లారీతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. నేను పీయూసీలో సైన్సు చదివాను. పెళ్ళయ్యాక ఐదేళ్ళలో ఆ చదువుతో ఎవరికీ పని పడలేదు. ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని చదివితే, బోల్టు ఎంత బిగించాలో అందులో లెక్క ఉంది. పౌండ్లలో, అడుగుల్లో ఉంది. లోడు దించకుండా, చదునైన నేల మీద నిలబెట్టి బిగించాలని, ఒకదాని ఎదురుమూల ఒకటి చొప్పున తిప్పాలని కూడా ఉంది.

ఉస్తాద్ మా అంగడి దగ్గరకు వచ్చినప్పుడు చెబితే నవ్వాడు. “పౌండ్లా బేటీ? బోల్టు బిగించేదా, తూకం వేసేదా? ఎంత బిగువో చేతికే తెలుస్తాది.”

“మీ చేతికి తెలుస్తాది. ఈయన చేతికి తెలీదు కదా,” అన్నాను. నట్టు నుంచి మూడడుగుల దూరంలో పైపును పట్టి నూరు పౌండ్ల బలంతో లాగితే సరిపోతుంది, అంటే నలభై ఐదు కేజీలు. అంత బలమో కాదో చూపించడానికి పైపు కొసకు ఒక కొక్కెం కాటా తగిలించి లాగితే చాలు.

అందరూ ఒకేసారి అంగట్లో కూర్చున్న మా అత్తగారి వైపు చూశారు. బజారులో అలాంటి కాటా ఉన్నది మా అంగట్లోనే. పైన ఉంగరం, కింద కొక్కెం, మధ్యలో గడియారంలా ముల్లు. దాన్ని ఆవిడ ఎవరికీ ఇచ్చి ఎరగరు.

“కాటా యాడుంటే నేనాడ,” అంటూ ఆవిడ కాటా తీసుకుని తనే మెట్లు దిగారు.

లోడుతో లారీ అంగడి ముందరే నిలబడి ఉంది. పైపు కొసకు కొక్కెం కట్టి, ఉంగరం పట్టుకుని మా ఆయన పక్కకు లాగాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, లారీ పక్కన పీట మీద కూర్చుని, ముల్లు చదివారు. బస్తాలు మోసేవాళ్ళు మోత ఆపి నిలబడ్డారు.

“ఇరవై... ముప్పై... నట్టు తిరుగుతాండాది, పానా మార్చు. నలభై... ఇంగా రానీ... నలభై ఐదు! చాలు, వదులు!”

“ఇంకొంచెం కొసరు లాగుతానమ్మా.”

“కొసరు బేరంలో ఇస్తాం. తూకంలో కాదు. వదులు!”

అలా మూల నుంచి ఎదురుమూలకు ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చారు. చివరి నట్టు దగ్గర ఉస్తాద్ ముందుకు వచ్చాడు.

“ఇదొక్కటి నాకు ఇడ్సిపెట్టండి. నా చేతితో బిగిస్తా, మీ కాటాతో చూసుకోండి.”

కళ్ళు మూసుకుని, పైపు పట్టి, రెండుసార్లు లాగి వదిలాడు. ఇప్పుడు కాటా తగిలించి మెల్లగా లాగారు. నట్టు కదిలేసరికి ముల్లు నలభై నాలుగు చూపింది.

“ఒక కేజీ తక్కువ,” అన్నారు అత్తగారు.

“అమ్మా, తప్పు నా చేతిది కాదు. కాటాది,” అన్నాడు ఉస్తాద్.

ఆవిడ కాటా తప్పని ఆ బజారులో ఎవరూ అనలేదు అప్పటిదాకా. హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తగారు లేచి అంగట్లోకి వెళ్ళారు. మేమంతా వెనకే వెళ్ళాం. కాటాను దూలానికి తగిలించి, ఇరవై కేజీల రాళ్ళు రెండూ, ఐదు కేజీలది ఒకటీ తనే దగ్గరుండి కట్టించారు. ముల్లు వణికి, వణికి, నలభై నాలుగు దగ్గర నిలిచింది.

మా ఆయన మెల్లగా అడిగాడు.

“అమ్మా, ఈ కాటా మీద మనం కొంటాండామా, అమ్ముతాండామా?”

“అమ్ముతాండాం,” అన్నారు అత్తగారు నీరసంగా. అంటే పెద్ద తూకాలకు ఎన్నాళ్ళ నుంచో కేజీ చొప్పున ఎక్కువే ఇస్తూ వచ్చారన్నమాట, అదీ గ్రాము కూడా వదలనని పేరు పడ్డ మనిషి. నాకు నవ్వు ఆగక వంటింట్లోకి పారిపోయాను. అక్కడికి కూడా ఆవిడ గొంతు వినబడింది.

“ఉస్తాద్‌కు టీ చెప్పండి. కాటా రిపేరుకు పంపండి. మిగతా నట్లు కేజీ ఎక్కువ బిగిసినాయి గదా, ఏమన్నా అయితాదా?”

“ఏమీ కాదమ్మా. కొసరు అనుకోండి,” అన్నాడు ఉస్తాద్.

లారీ తిన్నగా నడిచింది. ఒక లోడు తిరిగొచ్చాక రిపేరైన కాటాతో మళ్ళీ బిగించాం. ఈసారి ఉస్తాద్ నట్టు, మా నట్టు ఒకే లెక్కకు వచ్చాయి. ఆ తర్వాత ఆయనే ఒకరోజు ఇంకో లారీ తాలూకు పుస్తకం తెచ్చి, “బేటీ, ఇందులో ఏం రాసుండాదో చెప్పు,” అని మా మెట్ల మీద కూర్చున్నాడు. అత్తగారు చూశారు. ఆ నెల నుంచి మధ్యాహ్నం పూట నన్ను అంగట్లో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, మందుసీసా మీది చీటీతో సహా, నా ముందుకు తోసి, “చదివి చెప్పు,” అనేవారు. చదివి చెప్పినదాన్ని, తూకం సరిచూసుకున్నట్టు, ఒకసారి మాత్రం మళ్ళీ చదివించేవారు.