రెండూ మూడూ కలిస్తే ఆరు

శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే నా భర్త గల్ఫ్ నుంచి ఫోన్ చేసేవాడు. సిరిసిల్లలో మగ్గాలు బందయ్యాక అక్కడికి పనికి పోయినవాడు. ఇంటర్‌లో కెమిస్ట్రీ లెక్కల దగ్గరే తప్పాడు. అందుకేనేమో, నన్ను తిన్నావా అని అడగకముందే బిడ్డను లెక్కలు అడిగేవాడు. కోరుట్లలో మా వాకిట్లో ఫోన్ నేల మీద పెట్టుకునేవాళ్లం. నేను చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ వినేదాన్ని. నాకు సంతకం మటుకే వచ్చు. ఆ లెక్కలు చెవిన పడి మిగిలాయి, అంతే.

బిడ్డ రాసే ప్రవేశ పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు, లాగ్ పట్టికలూ ఇవ్వరు. గట్టెక్కితే ఫార్మసీ. లేదంటే నా పక్కన ఇంకో చాట.

“రెండుకు లాగ్ పాయింట్ మూడు. మూడుకు పాయింట్ నాలుగు ఎనిమిది. పదికి ఒకటి. గియ్యి యాదికుంటే సాలు బిడ్డా. ఆరు గావాల్నంటే?”

“రెండు మూళ్లు ఆరు గద బాపూ. రెండిటి లాగులు కలుపుత. పాయింట్ ఏడు ఎనిమిది.”

“శాబాష్. మరి ఐదు?”

“రెండూ మూడూ ఐదు... గదే పాయింట్ ఏడు ఎనిమిది?”

“ఓసి పిచ్చిదానా, గది ఆరుది! నువ్వే ఆలోచన చెయ్. రాకపోతే పై శుక్రవారం నేనే చెప్త. మీ అవ్వను మాత్రం అడగకు, బీడీ చుట్టి చేతిల పెడ్తది.”

పై శుక్రవారం రాకముందే, అక్కడి కూలీల క్యాంపులో నిద్రలోనే పోయాడు. శవం పెట్టె రావాలంటే కాగితాలు కావాలన్నారు. మట్టి అయ్యేదాకా గాజులు తీయొద్దన్నారు పెద్దలు. మొగుడు చచ్చినదాన్ని, చేతుల నిండా గాజులతో కూర్చున్నాను. ఆ నడుమనే పరీక్ష వచ్చింది.

“తండ్రి పెట్టెల ఉంటే పరీక్షేందే నీ బిడ్డకు?” అని ఆడబిడ్డ తిట్టింది. అయినా బిడ్డను జగిత్యాల బస్సెక్కించి, వెంట పోయాను.

పరీక్ష అయి గేటు దాటి వచ్చింది. అదే చెప్పింది.

“ఐదే అచ్చిందవ్వా. బాపు గొంతే ఇనబడ్డది. గది ఆరుది అన్నడు, ఆగిండు. గాడికెల్లి ఒక్క లెక్క చెయ్యలే.”

“ఏం గాదు తియ్. శుక్రవారం ఫోన్ల అడుగుదాం” అన్నాను.

నోరు జారాక తెలిసింది. బిడ్డ నా గాజుల వంక చూసింది.

“ఏ శుక్రవారమవ్వా?”

పెట్టె వచ్చింది. మట్టి అయింది. గాజులు పగిలాయి. పరీక్ష కూడా పోయింది. ఇప్పుడు వాకిట్లో రెండు చాటలు.

మొన్న పక్కింటి సారు సంగతి విని జాలిపడి, “ఐదంటే, పదిని రెండుతోటి భాగిస్తే...” అని మొదలుపెట్టాడు.

“వద్దు సార్. బాపు చెప్తనన్నడు” అని బిడ్డ తలవంచి ఆకు కత్తిరించసాగింది.